411 నుంచి 450కి మారాలా? సీతంపేట కొండల్లో రెండు హిమాలయన్‌లు మార్చుకుని నడిపాం

నా దగ్గర ఉన్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, బీఎస్6 బండి. మా బావ (మేనమామ కొడుకు, నాకంటే కాస్త పెద్ద) ఈమధ్యే హిమాలయన్ 450 తీసుకున్నాడు. అప్పట్నుంచీ కలిసినప్పుడల్లా ఒకటే గోల, "ఏట్రా, ఇంకా ఎన్నాళ్లు ఆ ట్రాక్టర్, అమ్మేసి ఇది తీసుకో" అని. నాకూ మనసు లాగుతూనే ఉంది, అబద్ధం ఎందుకు. కానీ టెస్ట్ రైడ్‌లో ఊళ్లో ఓ రౌండ్ వేస్తే ఏం తెలుస్తుంది? బండి బాగుందనే తెలుస్తుంది, కొత్త బండి ఏదైనా బాగానే ఉంటుంది. నేను తిరిగే రోడ్ల మీద, నేను తిరిగే స్పీడులో తేడా ఎంతో చూడాలి. అందుకని నెలగంట పెట్టాక వచ్చిన ఓ ఆదివారం ఇద్దరం రెండు బళ్ల మీద బయల్దేరాం. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట, పాతపట్నం, హిరమండలం, కొత్తూరు మీదుగా సీతంపేట ఎక్కడం, ఆడలి వ్యూ పాయింట్ చూడడం, పాలకొండ వైపు దిగి ఇంటికి రావడం. దారిలో ఎక్కడ రోడ్డు మారితే అక్కడ బళ్లు మార్చుకోవాలి, అదీ ఒప్పందం.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగేసరికి ఇంకా చీకటే. చలికి 411 మొదటి సెల్ఫ్‌కి కాస్త గునిసి స్టార్ట్ అయింది, 450 మాత్రం నొక్కగానే అందుకుంది. బావ నా వైపు ఓ చూపు చూశాడు. నేను పట్టించుకోలేదు.

హైవే ఎక్కాక 450 నేను తీసుకున్నాను. మా దగ్గర ఎన్‌హెచ్ 16 ఇప్పుడు ఆరు లైన్లు, పొద్దున్న లారీలు తప్ప ఏమీ ఉండవు. ఇక్కడ మాత్రం పోటీయే లేదు. 411లో ఉన్నది లాంగ్ స్ట్రోక్ (పిస్టన్ ఎక్కువ దూరం కదిలే) ఇంజన్, 24 బీహెచ్‌పీ చిల్లర, ఐదు గేర్లు. ఎనభై, తొంభై దాకా హాయిగా వెళ్తుంది, వంద దగ్గర హ్యాండిల్‌లో, ఫుట్‌పెగ్‌లలో వైబ్రేషన్ మొదలవుతుంది, ఆ పైన లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ముందే ప్లాన్ వేసుకోవాలి. 450లో ఇంజనే వేరు. 452 సీసీ, లిక్విడ్ కూల్డ్, నాలుగు వాల్వులు, 8000 ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 40 పీఎస్ (బీహెచ్‌పీలో అన్నా దాదాపు అంతే), ఆరు గేర్లు. ఆరో గేరులో వంద దాటినా నింపాదిగానే ఉంటుంది, చెయ్యి తిప్పితే ఇంకా మిగిలే ఉంటుంది. మడపాం దగ్గర వంశధార వంతెన మీదికి వచ్చేసరికి మంచు పొగలో నది కనబడలేదు గానీ, నాకు మాత్రం ఈఎంఐ లెక్కలు కనబడుతున్నాయి. అద్దంలో చూస్తే బావ ఎక్కడో వెనక ఉన్నాడు, నరసన్నపేట దగ్గర ఆగి కాసేపు చూడాల్సొచ్చింది. వచ్చి హెల్మెట్ తియ్యగానే "చేతులు జివ్వుమంటున్నాయిరా" అన్నాడు.

ఎవరైనా వైజాగ్ నుంచి భువనేశ్వర్ దాకా హైవే మీదే తిరిగే మనిషి అయితే ఇంక కింద రాసింది చదవక్కర్లేదు, 450 కొనేసుకోవచ్చు.

పాతపట్నంలో నీలమణి దుర్గమ్మకి దండం పెట్టుకుని, టిఫిన్ చేశాం. ఇడ్లీలోకి బొంబాయి చట్నీ. హోటలాయన బయటికి వచ్చి రెండు బళ్లూ చూసి, "రెండూ ఒకటేనా బాబూ" అని అడిగాడు. బావ మొహం చూడాలి అప్పుడు. రౌండ్ లైటు, ముక్కు లాంటి బీకు, పొడవు కాళ్లు, దూరం నుంచి చూస్తే ఆయన తప్పు కూడా కాదు. దగ్గరికొస్తే మాత్రం ఒక్క నట్టు కూడా ఒకటి కాదు, ఫ్రేమ్ దగ్గర్నుంచి అంతా కొత్తగా చేసిన బండి. 2016లో వచ్చిన 411ని ఆపేసి 2023 నవంబరులో దీన్ని దించారు. అందుకే దీన్ని అప్‌డేట్ అనడం కన్నా అదే పేరుతో వేరే బండి అనడమే నిజం. అలా అనుకుంటే నిర్ణయం తేలిక అవుతుంది కూడా, ఎందుకంటే పాత బండిలో బాగున్నవన్నీ కొత్త బండిలో ఉండి తీరాలని మనం ఆశించం.

హిరమండలం వైపు రోడ్డు సంగతి మా జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. కొంతమేర నున్నగా ఉంటుంది, నమ్మి స్పీడు పెంచగానే గుంతలు, ఆ పైన కంకర. దానికి తోడు కోతలైపోయాయి కాబట్టి ఊరు వచ్చినప్పుడల్లా రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. ఇంకొన్ని చోట్ల గడ్డి పరిచేశారు, బళ్ల చక్రాలే నూర్చిపెడతాయని. ఎండుగడ్డి మీద బ్రేకు వేస్తే ఏం జరుగుతుందో బైకు నడిపే వాళ్లకి తెలుసు. గుంతల్లో 450 సస్పెన్షన్ నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. ముందు 43 ఎమ్ఎమ్ అప్‌సైడ్ డౌన్ ఫోర్కులు, ముందూ వెనకా 200 ఎమ్ఎమ్ ట్రావెల్ (సస్పెన్షన్ పైకీ కిందికీ కదిలే దూరం). నా 411లో ముందు 200 ఉంది కానీ వెనక 180. కాగితం మీద 20 ఎమ్ఎమ్ తేడా ఏముందిలే అనిపిస్తుంది. రోడ్డు మీద తేడా మిల్లీమీటర్లలో కాదు, గుంతలో పడ్డాక బండి ఎంత తొందరగా కుదురుకుంటుంది అన్న దాంట్లో ఉంది. 411 ఒకసారి ఊగి, ఇంకోసారి ఊగి, అప్పుడు సర్దుకుంటుంది. 450 ఒక్క దెబ్బకి అణిగిపోతుంది. (నా బండి ఫోర్క్ ఆయిల్ మార్చి చాలాకాలమైంది, అది కూడా కలిపి లెక్కేసుకోవాలి.)

కొత్తూరు దాటాక బళ్లు మార్చుకున్నాం. ఇక్కడ్నుంచే కథ తిరగబడింది.

కొత్తూరు నుంచి సీతంపేట ఎక్కే దారి అందంగా ఉంటుంది, మెట్టుగూడ జలపాతం కూడా ఈ వైపే. 2022 ఏప్రిల్ దాకా ఇదంతా మా శ్రీకాకుళం జిల్లాయే, ఇప్పుడు పార్వతీపురం మన్యం. జిల్లా మారినా మాకు ఇది మా సీతంపేటే. కొండ దారి మొదలవగానే నేను 411 మీద మూడో గేరులో వేసి వదిలేశాను. దీని టార్క్ (ఇంజన్ లాగే బలం) 32 ఎన్ఎమ్, అది 4000 నుంచి 4500 ఆర్‌పీఎమ్ మధ్యే వచ్చేస్తుంది, అంతకు చాలా కింద నుంచే బండి లాగడం మొదలుపెడుతుంది. మలుపు దగ్గర స్పీడు పడిపోయినా గేరు మార్చక్కర్లేదు, దుక్ దుక్ మంటూ ఎక్కేస్తుంది. మేకలు అడ్డం వస్తే ఆగి, వెళ్లాక క్లచ్ వదిలితే చాలు. వెనక బావ 450 మీద కూర్చుని ప్రతి మలుపుకీ గేరు తగ్గిస్తూ, పెంచుతూ వచ్చాడు. దాని టార్క్ 40 ఎన్ఎమ్, ఎక్కువే, కానీ 5500 దగ్గర. మూడు వేల కింద దానికి ఓపిక తక్కువ. గేరు తగ్గించి, కాస్త తిప్పి నడిపితే ఘాట్‌లో అది 411ని ఎక్కడో వదిలేసి పోతుంది, అందులో అనుమానం లేదు. కానీ నేను ఏజెన్సీకి వచ్చేది మలుపులు కొట్టడానికి కాదు. వెనక మా ఆవిడ, పక్కన సంచులు, నలభై స్పీడులో కొండలు చూసుకుంటూ ఎక్కుతాం. ఆ స్పీడులో 450 ఇంజన్ తన పని తాను చేయడం లేదు, 411 చేస్తోంది.

ఇది చెబితే బావ ఒప్పుకోలేదు. "అలవాటు అవ్వాలి రా, రెండు నెలలు నడుపు, ఆ తర్వాత నీ బండి ఎక్కి చూడు" అన్నాడు. అందులోనూ నిజం ఉంది. 450 క్లచ్ చాలా తేలిక, స్లిప్ అసిస్ట్ క్లచ్ కాబట్టి ఎన్నిసార్లు గేరు మార్చినా చెయ్యి నొప్పెట్టదు.

సీతంపేటలో మళ్లీ టీ. కొట్టు దగ్గర కూర్చున్న సవర గిరిజన పెద్దాయన, ఏనుగులు ఎటువైపు ఉన్నాయో కనుక్కుని వెళ్లమన్నాడు. ఒడిశా వైపు నుంచి వచ్చిన గుంపు ఏళ్లుగా ఈ చుట్టుపక్కలే తిరుగుతోంది, ఇక్కడి వాళ్లకి అది రోజూ ఉండే టెన్షన్. కొట్టు అతను ఫోన్ చేసి కనుక్కుని, ఆడలి వైపు ఏమీ లేవన్నాక కదిలాం.

ఆడలి దారిలో ఎక్కుడు ఎక్కువ, మలుపులు బిగుతు. ఇక్కడ మళ్లీ 450 నా చేతిలో ఉంది. పైన వ్యూ పాయింట్ దగ్గర మంచు ఇంకా లోయలోనే ఉంది, కొండల తలలు మాత్రం పైకి తేలి కనబడుతున్నాయి, జనం కూడా బాగానే ఉన్నారు, సెల్ఫీల గొడవ. బండి వెనక్కి తిప్పి పెడదామంటే నాకు చెమటలు పట్టాయి. నాది ఐదడుగుల ఐదు అంగుళాల ఎత్తు. 411 సీటు 800 ఎమ్ఎమ్, రెండు కాళ్లూ కింద ఆనుతాయి. 450 సీటు 825, పెంచుకుంటే 845. బరువు చూస్తే కొత్తదే మూడు కిలోలు తక్కువ, 196, పాతది 199. అయినా వాలులో ఒక కాలి మునివేళ్ల మీద నిలబడి బండి వెనక్కి నెట్టాల్సి వచ్చినప్పుడు ఆ మూడు కిలోలు ఎవరికీ గుర్తుండవు. తక్కువ ఎత్తు సీటు విడిగా దొరుకుతుంది, నా ఎత్తు వాళ్లు కొంటే బండితో పాటే అది కూడా తీసుకోవాలి.

450లో మీటర్‌గా పెట్టిన ఆ గుండ్రటి టీఎఫ్‌టీ (కలర్) స్క్రీన్ గురించి కూడా చెప్పాలి. గూగుల్ మ్యాప్ మొత్తం మీటర్‌లోనే కనబడుతుంది, ముచ్చటగా ఉంది. కానీ మ్యాప్ నడిచేది మన ఫోన్ మీద, ఫోన్ నడవడానికి సిగ్నల్ కావాలి, కొండల్లో సిగ్నల్ ఎంత ఉంటుందో ఎక్కినవాళ్లకి తెలుసు. పైగా ఫోన్ చార్జింగ్ గబగబా అయిపోతుంది. ఆడలి నుంచి దిగే దారి చివరికి మేము కట్టెలు మోసుకొస్తున్న ఇద్దరు ఆడవాళ్లని అడిగే తెలుసుకున్నాం.

దిగేటప్పుడు మాత్రం నా మనసు మళ్లీ 450 వైపు ఒరిగింది. బ్రేకులు. ముందు 320 ఎమ్ఎమ్ డిస్క్, వెనక 270. నా దాంట్లో 300, 240. 411 ముందు బ్రేకు గట్టిగా పిండాలి, అప్పుడు కూడా ఆగుతుందిలే అన్న నమ్మకంతో ఉండాలి. 450కి రెండు వేళ్లు చాలు. ఒక మలుపులో ఎదురుగా ఆటో సగం రోడ్డు మీదికి వచ్చింది, ఏమీ కాలేదు, కానీ అదే నా బండి అయి, వెనక మనిషి ఉండి ఉంటే అన్న ఆలోచన పాలకొండ దాకా వదల్లేదు. స్పీడూ పవరూ పక్కన పెట్టండి, ఈ రోజంతట్లో డబ్బు పెట్టడానికి గట్టి కారణం నాకు కనబడింది ఇదొక్కటే.

పాలకొండ ఊళ్లోకి వచ్చేసరికి మధ్యాహ్నం, ట్రాఫిక్. ఫ్యాన్ తిరగడం మొదలెట్టి రేడియేటర్ వేడి గాలి కాళ్లకి కొట్టింది. ధనుర్మాసంలో పర్వాలేదు, మే నెలలో ఎలా ఉంటుందో ఊహించుకున్నాను.

భోజనం దగ్గర డబ్బు సంగతి తీశాం. 450 వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ 2 లక్షల 69 వేల నుంచి మొదలైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్లకి జీఎస్టీ 40 శాతం చేశారు, అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. దాంతో ఇప్పుడు 3 లక్షలు దాటింది, లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ వేసుకుంటే రోడ్డు మీదికి వచ్చేసరికి మూడున్నర పైమాటే. అదే సమయంలో 350 లోపు బళ్లకి పన్ను 28 నుంచి 18కి తగ్గింది, అందుకే ఆపేసిన మోడల్ అయిన నా 411కి ఎక్స్‌ఛేంజ్‌లో చెప్పే రేటు వింటే ఏడుపొస్తుంది. ఆ ధరకి నా బండి తీసుకునేవాడు దానికి కాస్త కలిపితే కొత్త 350 వచ్చేస్తుంది కదా. మధ్యలో ఇంకో దారి ఉంది, పాత 411 ఇంజన్‌నే 443 సీసీకి పెంచి, ఆరో గేరు పెట్టిన స్క్రామ్ 440. కానీ దానికి ముందు చక్రం 19 అంగుళాలు, నాకు 21 అంగుళాల చక్రమే గుంతల్లో ధైర్యం.

రిపేరు సంగతి కూడా ఉంది. 411 ఎయిర్ కూల్డ్, టాపెట్లు (వాల్వుల దగ్గర గ్యాప్) స్క్రూతో సర్దేవి, పాలకొండలో అయినా పార్వతీపురంలో అయినా బుల్లెట్లు చూసిన మెకానిక్ భయపడకుండా విప్పుతాడు. 450లో రెండు క్యామ్‌లు, కూలెంట్, రైడ్ బై వైర్ (కేబుల్ బదులు ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్). కొండ మీద మొరాయిస్తే టాటా ఏస్‌లో ఎక్కించి పట్నం తేవాల్సిందే. బావ దీనికి "కొత్త బండి ఎందుకు మొరాయిస్తాది" అన్నాడు. వారంటీలో ఉన్నవాడి ధీమా అది.

ఆమదాలవలస వైపు తిరిగొస్తూ చివరి ముక్క నా బండి మీదే నడిపాను. డెబ్బై స్పీడు, సాయంత్రం ఎండ, పక్కన కళ్లాల్లో కుప్పలు. ఈ స్పీడులో నాకు ఏ లోటూ కనబడలేదు. నేను మారడం లేదు, కనీసం ఇప్పుడు. ముందు ఫోర్క్ ఆయిలూ సీళ్లూ మార్పిస్తాను, మంచి బ్రేక్ ప్యాడ్లు, స్టీల్ బ్రెయిడెడ్ బ్రేక్ హోస్ వేయిస్తాను, వెనక టైరు ఎలాగూ అయిపోవచ్చింది. ఇదంతా కలిపినా 450కి కట్టే డౌన్ పేమెంట్‌లో ఓ మూల కూడా కాదు. బ్రేకు పని అయ్యాక కూడా ఆడలి దిగుడులో నాకు నమ్మకం చిక్కకపోతే అప్పుడు షోరూమ్‌కి వెళ్తాను, తక్కువ ఎత్తు సీటు, ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు ఉన్న 450 కోసమే వెళ్తాను. ఈ మాట బావకి చెబితే, సాలూరు ఘాట్‌కి వెళ్దాం అప్పుడు తేలుద్ది అని సంక్రాంతి తర్వాత ఆదివారం ఖాయం చేసేశాడు. ప్యాడ్లు ఆలోగా వేయించాలి.