నాటుకోడి లేకపోయినా సంగటి సంగటే

హైదరాబాద్‌లో ఏ రాయలసీమ హోటల్ మెనూ తెరిచినా రాగి సంగటి పక్కన నాటుకోడి పులుసు ఉండాల్సిందే. ఆ జోడీ రుచి అదిరిపోతుంది, కాదనను. కానీ మదనపల్లె దగ్గర మా ఊళ్లో కోడిని కోసేది పండక్కో, అల్లుడొచ్చినప్పుడో. సంగటి మాత్రం రోజూ ఉండేది. దానికి తోడు వేయించిన చెనిగ్గింజలు (వేరుశనగ గింజలు), ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు వేసి రోట్లో నూరిన ఊరిబిండి. లేదంటే చేలో దొరికిన ఆకులు ఉడకేసి ఎనిపిన పుల్లగూర.

మా అవ్వ సంగటి గెలుకుతుంటే చూడాలి. నూకలు మెత్తగా ఉడికాక కాస్త గంజి చెంబులోకి వంచుకునేది. రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, తెడ్డు కాడతో రెండు మూడు బొక్కలు పెట్టి మూత వేసేది. ఆ బొక్కల్లోంచి ఆవిరి పైకొచ్చి పిండి ఉడకాలి. తొందరపడి కలిపామా, ఉండలే. పిండి రంగు మారాక కుండను దించి, గుడ్డ చుట్టి, రెండు పాదాలతో అదిమిపట్టి, రెండు చేతులా తెడ్డు తిప్పేది. మరీ గట్టిపడితే చెంబులో గంజి పోసేది. తడిచేత్తో ముద్ద చేసి, మధ్యలో గుంత పెట్టి నెయ్యి వేసేది, ఇంట్లో ఉంటే.

సంగటిని నమలకూడదు. తుంచి, పులుసులో అద్ది, మింగెయ్యడమే. మా ఆయనది గుంటూరు, ఇప్పటికీ నములుతూనే ఉంటాడు.

రాగులు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన పంటే అయినా మా ఎర్రనేలలకు, అరకొర వానలకు బాగా కుదిరాయి. పైగా ఏళ్లపాటు పురుగు పట్టకుండా నిలవుంటాయి కాబట్టి కరువు ఏడాదిలో అవే దిక్కు. వరి వేసేది చెరువు నిండితేనే, వరన్నం వండేది పండగకే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా ఇంట్లోనూ పొద్దూమాపూ అన్నమే అయింది. సంగటి అంటే లేనోళ్ల తిండి అని మేమే చిన్నచూపు చూశాం.

ఇప్పుడేమో షుగర్ ఉన్నవాళ్లంతా దాని వెంట పడ్డారు. అందులో బియ్యమూ ఉంటుంది కదా, రెండు ముద్దలు లాగిస్తే షుగర్ ఎందుకు ఆగుతుంది?

నన్నడిగితే అసలు రుచి సద్ది సంగటిదే. మిగిలిన ముద్దను రాత్రి నీళ్లలో వేసి, పొద్దున్నే మజ్జిగలో పిసికి, ఉప్పేసుకుని, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) కొరుక్కుంటూ తాగాలి. ఏ హోటల్‌వాళ్లైనా అది మెనూలో పెడితే చెప్పండి, టిఫిన్ మానేసి వెళ్తాను.