మజిల్ అప్ కంటే ముందు చేయాల్సినవి

జిమ్నాస్టిక్స్ రింగులు, అంటే పట్టీలకి వేలాడే రెండు వలయాలు, కొత్తగా చూసినవాళ్లు ఎవరైనా మొదట అడిగేది మజిల్ అప్ గురించే. కింద వేలాడుతూ మొదలుపెట్టి, రింగుల్ని ఛాతీ దాకా లాగి, మణికట్లు తిప్పుకుని పైకి లేవడం. మా మేనల్లుడూ అదే అడిగాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, బార్ మీద పుల్లప్స్ చకచకా తీసేస్తాడు. "అత్తా, సిరిమాను పండగ నాటికి వచ్చేస్తాదా?" అన్నాడు. రాదురా, వచ్చేలా ఉన్నా చెయ్యనివ్వను అన్నాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. అలా ఎందుకన్నానో వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఇక్కడ కాస్త నింపాదిగా రాస్తున్నాను.

విజయనగరంలో మాది పాత ఇల్లు. వసారాలో ఉయ్యాల బల్ల కోసం వేసిన టేకు దూలం ఉంది. దాని మీంచే నా రింగుల పట్టీలు వేసుకున్నాను, రెండింటి మధ్య 50 సెంటీమీటర్లు, పోటీల్లో ఉన్నట్టే. పోటీల్లో రింగులు నేలకి 2.8 మీటర్ల ఎత్తున ఉంటాయి గానీ మనకి అంత ఎత్తు అక్కర్లేదు. పట్టీ పొడవు మార్చుకుని నడుం ఎత్తుకి దించుకోగలిగితే చాలు, మొదటి ఏడాది సాధనలో సగం అక్కడే జరుగుతుంది. రింగులు మాత్రం చెక్కవే కొనండి. మన వైపు ఉక్కపోతకి ప్లాస్టిక్‌వి చేతిలో నిలవవు.

మేనల్లుణ్ణి ముందు సపోర్ట్ హోల్డ్ చెయ్యమన్నాను. రింగుల మీద చేతులు నిటారుగా పెట్టి, భుజాలు కిందికి నొక్కి, కాళ్లు గాలిలో ఉంచి ఊరికే నిలబడటం, అంతే. ఎక్కీ ఎక్కగానే రింగులు వణకడం మొదలైంది. ముందు పిడికిళ్లు, తరవాత మోచేతులు, ఆ పైన భుజాలు. కుడి రింగు బయటికి పోతోందని దాన్ని దగ్గరికి లాక్కునేలోపు ఎడమది పోయింది. భుజాలు చెవుల దాకా లేచిపోయాయి, మోచేతులు వంగిపోయాయి, దిగిపోయాడు. "ఏటత్తా ఇది, డిప్స్ ఇరవై తీస్తాను కదా నేను!" అన్నాడు. తీస్తాడు, నిజమే. డిప్స్ అంటే చేతుల మీద నిలిచి, మోచేతులు వంచి ఒంటిని కిందికి దించి మళ్లీ లేపడం. కానీ వాడు తీసేది బార్ మీద, బార్ కదలదు. కదిలే రింగుని కదలకుండా పట్టుకునే పని వాడి నరాలకి ఇంకా అలవాటు కాలేదు. ఈ వణుకు కొన్ని వారాల్లోనే బాగా తగ్గిపోతుంది.

అసలు ప్రమాదం ఆ తరవాతే. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలు పని నేర్చుకోవడం వల్ల వస్తుంది. తరవాత కండ పెరుగుతుంది. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్‌కి మాత్రం రక్తప్రసరణ తక్కువ, అది గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుకే ఒంట్లో బలం వచ్చేసిందని అనిపించే రోజుకి మోచెయ్యి ఇంకా సిద్ధంగా ఉండదు. ముఖ్యంగా మోచెయ్యి వంచకుండా చేసే బ్యాక్ లీవర్ (చేతులు వెనక్కి చాచి, ముఖం నేలవైపు ఉండేలా ఒళ్లు అడ్డంగా నిలపడం), ఐరన్ క్రాస్ (చేతులు రెండు పక్కలకీ చాచి శిలువలా నిలవడం) లాంటివి బైసెప్స్ (జబ్బ ముందు కండ) టెండన్ మీద విపరీతమైన భారం వేస్తాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో రింగుల స్వర్ణం గెలిచిన ఇటలీ జిమ్నాస్ట్ యూరీ కెకికి 2000లో బైసెప్స్ టెండన్ తెగి సిడ్నీకి వెళ్లలేకపోయాడు. 2004 ఏథెన్స్‌లో తిరిగొచ్చి కాంస్యం గెలిచాడు, ఆయన పట్టుదలకి దణ్ణం పెట్టాలి. చిన్నప్పటి నుంచీ రింగుల మీదే పెరిగిన మనిషికే అలా అయితే, నిన్న మొదలుపెట్టిన మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

మోచెయ్యి సంగతి తెలుసుకోడానికి నా పద్ధతి ఒకటే. సాధన చేసిన మర్నాడు పొద్దున్నే తడి తువ్వాలు గట్టిగా పిండుతాను. మోచెయ్యి లోపలి వైపు ఎముక దగ్గర సలుపు తెలిస్తే ఆ రోజు లాగే పని ఏదీ ఉండదు. కండ నొప్పులు వేరు, అవి రెండు రోజుల్లో పోతాయి. ఎముక పక్కన ఒక్క చోటే వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఉందంటే మాత్రం చేతుల మీద పడే బరువు తగ్గించాల్సిందే. తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి.

ఇక చేతుల మీద పడే బరువు పెంచడం. నేను టీచర్ని కాబట్టి ఇంట్లో చాక్‌పీసులకి లోటు లేదు. వసారా గచ్చు మీద జానెడేసి దూరంలో గీతలు గీశాను. రింగులు నడుం ఎత్తున పట్టుకుని, మడమలు గీత మీద పెట్టి వెనక్కి వాలి ఛాతీని రింగుల దాకా లాక్కోవడం, దీన్నే రో అంటారు. పాదాలు ముందుకి జరిగేకొద్దీ ఒళ్లు నేలకి సమాంతరమవుతుంది, బరువు పెరుగుతుంది. ఒక గీత మీద 10 చొప్పున 3 సెట్లు, ఆఖరి దాంట్లో కూడా మొదటి దానిలాగే శుభ్రంగా వస్తే, ఇంకో వారం అక్కడే ఉండి అప్పుడు తరవాతి గీతకి. ఆ అదనపు వారం దగ్గరే మేనల్లుడికీ నాకూ రోజూ వాదన.

సపోర్ట్ హోల్డ్‌కి మొత్తం 60 సెకన్లు అనుకోండి. 10 సెకన్ల ముక్కలైనా పర్వాలేదు, వణుకు ఎక్కువైతే కాళ్లు నేలకి ఆనించండి. ఏకబిగిన 30 సెకన్లు నిలిచాకే రింగుల మీద డిప్స్. సత్తా పెంచేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ముందు సెట్లు, తరవాత రెప్స్ (ఒక్కో సెట్‌లో ఎన్నిసార్లు చేస్తామో ఆ లెక్క), ఆపైన విరామం తగ్గించడం, అన్నిటికంటే ఆఖర్న కష్టమైన రకానికి వెళ్లడం. వారానికి 3 రోజులు చాలు. నాలుగో వారం సెట్లు సగానికి కొయ్యండి. మే నెల ఎండల్లో నేనైతే నెలంతా కొత్తది ఏదీ మొదలుపెట్టను.

బలం సంగతి మన జిల్లావాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు ఈ ఊళ్లోనే వ్యాయామం నేర్పారు. నెల్లిమర్ల పక్కనున్న కొండవెలగాడ నుంచి వెళ్లిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ పతకం తెచ్చింది. ఆ ఆట నేర్చుకునే పిల్లలకి మొదట చేతికిచ్చేది ఉత్త కర్రే. మేనల్లుడు మెత్తబడింది ఈ మాటకే.

ఇప్పుడు వాడు మజిల్ అప్‌కి కావాల్సిన ఫాల్స్ గ్రిప్ అనే పట్టు పడుతున్నాడు. రింగు వేళ్లలో కాకుండా చిటికెన వేలి కింద అరచేతి మడమ మీద, మణికట్టు వంచి పట్టుకోవాలి. ఇదీ కాళ్లు నేల మీద ఉంచే, 10 సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు. అక్కడ చర్మం పల్చన, త్వరగా దోక్కుపోతుంది, స్నానం చేస్తుంటే మండుతుంది. మొదట్లో మణికట్టుకి టేప్ చుట్టుకోండి. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాయండి. పొద్దున రింగులు పట్టుకునే ముందు సబ్బుతో కడిగేసుకోండి, జిడ్డు ఉంటే పట్టు జారుతుంది.