రెండో గేరు

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు లారీ గేరుబాక్సులు బాగుచేశారు. ఈ మాటను దాపరికం లేకుండా రాయడానికి నాకు నలభై ఆరేళ్లు రావలసి వచ్చింది. బడి దరఖాస్తుల్లో తండ్రి వృత్తి అన్న చోట ‘వ్యాపారం’ అని రాసేదాన్ని. ఇంజనీరింగు కళాశాల స్నేహితురాళ్లు ఇంటికి వస్తామంటే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేదాన్ని. ఆయన కూడా నన్ను షెడ్డు వైపు రానిచ్చేవారు కాదు. సాయంత్రం కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, ఆపైన సర్ఫు పొడితో రుద్దుకుంటూ, గోళ్ల సందుల్లో ఇంకా మిగిలిన నలుపు చూపించి, "ఇది నీకు అంటకూడదమ్మా, చదువుకో" అనేవారు. నేను చదువుకున్నాను, ఉద్యోగం మీద ఒహాయో రాష్ట్రానికి వచ్చాను, ఆ నలుపు ఇక మా ఇంటి గడప తొక్కదనే అనుకున్నాను.

రెండేళ్ల క్రితం అది మా పెద్దమ్మాయి చేతుల మీద తిరిగి వచ్చింది. కొలంబస్ శివారులో మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక పెద్దాయన ఉంటారు. మేరీస్‌విల్‌లో 1979లో మొదలైన హోండా మోటారుసైకిళ్ల కర్మాగారంలో ఆయన యువకుడిగా చేరి, 2009లో అక్కడ మోటారుసైకిళ్ల తయారీ ఆగిపోయేవరకు ఇంజన్లు బిగించారు. ఇప్పుడు తన గరాజులో ఒక పాత సుజుకీ హయబుస మోటారుసైకిలును పందేలకు సిద్ధం చేసుకుంటారు. జీవితమంతా హోండాలో పనిచేసిన మనిషి సుజుకీ ఎందుకు ఎంచుకున్నారని నేను అడిగాను. 1999లో వచ్చిన ఆ బండి ఇంజను డ్రాగ్ పందేల (నేరుగా ఉన్న దారి మీద ఇద్దరు పోటీపడే పరుగుల) వాళ్ల చేతిలో ఎంతగా నలిగిందంటే, దాని ప్రతి బలహీనతకూ ఎవరో ఒకరు ఇప్పటికే మందు కనిపెట్టి ఉంచారని ఆయన చెప్పారు. బండి నడిపేది ఆయన మేనకోడలు, నలభై దాటిన బడిపంతులమ్మ. ఆమె స్నేహితుడు ఒకాయన ట్రక్కు తోలుకుని వస్తాడు. మా అమ్మాయి నాలుగో మనిషి. పందేల ద్వారా ఒక్క డాలరు కూడా మిగలని, మిగులుతుందని ఎవరూ ఆశపడని జట్టు అది.

మొదట్లో నన్ను బాధపెట్టింది బండి కాదు, పిలుపు. అరవై ఎనిమిదేళ్ల మనిషిని మా అమ్మాయి పేరు పెట్టి పిలుస్తుంటే నాకు ఒళ్లు చల్లబడేది. ‘అంకుల్’ అనమంటే ఆయనకే అర్థం కాదని చెప్పేది. తీరా వాళ్ల గరాజులో ఒక పూట కూర్చుని చూస్తే, పేరుతో పిలిచే ఆ పిల్లే ఆయన చెప్పకుండా ఒక్క పానా కూడా ముట్టుకోవడం లేదు, అడిగిన పానా చేతికందించేటప్పుడు పిడి ఆయన వైపు తిప్పి ఇస్తోంది. మా నాన్నగారి షెడ్డులో కుర్రాళ్లు ‘మేస్త్రీగారూ’ అంటూ చేసింది కూడా సరిగ్గా ఇదే. అప్పటినుంచి మా ఇంట్లో ఆయన ‘మేస్త్రీగారు’ అయ్యారు. అమ్మాయి కూడా ఇంటి గుమ్మం లోపల ఆ మాటే అంటుంది.

అసలు కష్టం సంతకం దగ్గర వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లు పందెపు బండ్ల దగ్గర పనిచేయాలంటే తల్లిదండ్రులు ప్రమాద బాధ్యతను ఒప్పుకుంటూ కాగితం రాసివ్వాలి. మా ఆయన వెంటనే పెట్టారు. నా సంతకానికి రెండు వారాలు పట్టింది. మా పెదనాన్నగారి అబ్బాయి ఇరవై రెండేళ్ల వయసులో గన్నవరం దగ్గర మోటారుసైకిలు మీదే పోయాడు. ఆ రోజు అతని హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించి ఉంది. మా ఇంట్లో రెండు చక్రాల బండి ఉండకూడదన్న నియమం అప్పటినుంచి వచ్చినదే. కాగితం చేతిలో పెట్టుకుని నేను వాళ్లతో కలిసి హెబ్రన్‌లోని నేషనల్ ట్రెయిల్ రేస్‌వేకి వెళ్లాను. కొలంబస్‌కి తూర్పున ముప్పై మైళ్ల దూరంలో, పాత నలభయ్యో నంబరు రహదారి పక్కన ఉంటుందది. పందేనికి ముందు తనిఖీ అధికారి హెల్మెట్ లోపలి ముద్ర చూశాడు, తోలు దుస్తుల అతుకులు లాగి చూశాడు, చైనుకు రక్షణ కవచం ఉందో లేదో వంగి చూశాడు. నడిపే మనిషి మణికట్టుకూ బండికీ మధ్య ఒక తాడు ఉంటుంది. మనిషి బండి మీదనుంచి పడితే తాడు ఊడి ఇంజను దానంతటదే ఆగిపోతుంది. ఎదురుగా వచ్చే బండి లేదు, అడ్డం వచ్చే గేదె లేదు, తాగి తోలే మనిషి లేడు. నేను ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టాను. భయం పోయిందని మాత్రం చెప్పను.

ఈ డ్రాగ్ పందెం గురించి మన వాళ్లకు పెద్దగా తెలియదు కాబట్టి కొంచెం వివరిస్తాను. నేరుగా ఉన్న దారి మీద 1,320 అడుగులు, అంటే పావు మైలు, ఇద్దరు పక్కపక్కన పరుగెడతారు. మేము ఆడే తరగతిలో ఎక్కువ వేగం గలవాడు గెలవడు, తన బండిని ఎక్కువ ఎరిగినవాడు గెలుస్తాడు. ప్రతివాళ్లూ తమ బండికి ఎంత సమయం పడుతుందో ముందే రాసి ఇవ్వాలి. మేము 9.45 సెకన్లు అని రాసి, అవతలివాడు 10.60 అని రాస్తే, అతనికి 1.15 సెకన్ల ముందు పచ్చదీపం వెలుగుతుంది. స్తంభం మీద మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలిగి, ఆపైన పచ్చది వస్తుంది. తొందరపడితే ఎర్రదీపం పడి అక్కడికక్కడే ఓటమి. రాసిన దానికన్నా తక్కువ సమయంలో గమ్యం చేరినా సాధారణంగా ఓటమే. వేగంగా పోయినందుకు ఓడిపోవడం ఏమిటని మా చిన్నవాడు మొదటిరోజు ఏడుపు మొహం పెట్టాడు. నాకు మాత్రం ఆ నియమం చాలా నచ్చింది. నీ బండి సంగతి నువ్వు నిజం చెప్పాలని అది అడుగుతుంది.

ఆ సమయాన్ని లెక్కగట్టే పని క్రమంగా మా అమ్మాయిది అయింది. వేడిగా, ఉక్కగా ఉన్న గాలిలో ఇంజనుకు అందే ప్రాణవాయువు తగ్గుతుంది, బండి మందగిస్తుంది. చల్లటి పొడి ఉదయం అదే బండి చురుగ్గా పోతుంది. ఉష్ణోగ్రత, తేమ, గాలి ఒత్తిడి, మొదటి అరవై అడుగులకు పట్టిన సమయం, వెనక టైరులో గాలి ఎంత ఉందన్నదీ ప్రతి పరుగుకూ ఒక నోటుపుస్తకంలో రాస్తుంది. లెక్కల్లో మార్కుల కోసం నేను పడిన తిప్పలన్నిటికన్నా ఆ పుస్తకం ఎక్కువ పని చేసింది.

ఏప్రిల్‌లో పందేలు మొదలైన మొదటి వారమే క్లచ్ జారింది. విప్పి చూస్తే ఉక్కు పలకలు వేడికి నీలం రంగు తేలి వంకరపోయాయి. కొత్త పలకలను రాత్రంతా ఆయిలులో నానబెట్టి పొద్దున్నే బిగించారు, అది ఒక రోజు పని. జూన్‌లో వచ్చింది అసలు పరీక్ష. ఉత్తర ఒహాయోలోని నార్వాక్ పందెపు దారి పెద్దది, పేరున్నది. నేషనల్ పోటీలప్పుడు పౌండు ఐస్‌క్రీమ్ ఒక డాలరుకే అమ్మడం అక్కడ ప్రసిద్ధి. చిన్నవాడు ఆ ఆశతోనే మాతో బయలుదేరాడు. రెండో పరుగులో బండి రెండో గేరులో ఉండగా ఇంజను ఒక్కసారిగా ఖాళీగా అరిచింది. గేరు ఊడిపోయి మళ్లీ పడింది. నడిపే ఆమె వెంటనే యాక్సిలరేటరు వదిలేసి బండిని పక్కకు తీసుకుంది. ఆ రోజు పందెం అక్కడితో సరి.

తిరిగి వచ్చే దారిలో మా అమ్మాయి తనంతట తానే విజయవాడకు ఫోను చేసింది. అక్కడ తెల్లవారుజాము. వారానికోసారి "బాగున్నావా తాతయ్యా, బాగున్నాను తాతయ్యా" దాటని సంభాషణ వాళ్లది. ఆ పిల్ల వచ్చీరాని తెలుగులో, గేరు పడుతుంది కానీ నిలవడం లేదని చెప్పింది. నాన్నగారి గొంతు మారిపోయింది. "వేసేటప్పుడు గరగరమంటోందా, వేశాక లోడు పడినప్పుడు ఊడుతోందా?" అన్నారు. లోడు పడినప్పుడే అంది. "అయితే పళ్లు బాగానే ఉంటాయమ్మా. గేరు పక్కన ఒకదాన్నొకటి పట్టుకునే కొక్కేలుంటాయి, వాటి అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి, అవి చూడండి. గేరు కదిపే ఫోర్కు వంగిందేమో అదీ చూడండి" అన్నారు. పక్క సీటులో కూర్చున్న నేను ‘కొక్కేలు’ అన్న మాటను ఆంగ్లంలోకి మార్చి చెప్పబోయేసరికి, "తెలిసిందిలే అమ్మా" అని నన్ను ఆపింది. ముప్పై ఏళ్ల నుంచి నేను నాన్నగారిని ఆయన పని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్న సంగతి ఆ కారులో నాకు తెలిసివచ్చింది.

ఆ బండిలో గేర్ల దాకా వెళ్లాలంటే ఇంజను మొత్తం దించి, దాని పెట్టెను రెండుగా విడదీయాలి. మేస్త్రీగారి గరాజులో మూడు వారాంతాలు పట్టింది. కొక్కేలు నాన్నగారు చెప్పినట్టే గుండ్రంగా అరిగాయి. ఫోర్కు కూడా ఒక వైపు కాలి ఉంది. కొక్కేల అంచులను కొంచెం ఏటవాలుగా చెక్కిస్తే లోడు పడేకొద్దీ అవి ఒకదానిలోకి ఒకటి ఇంకా బిగుసుకుంటాయి. పందేల బండ్లకు అలా చేయించడం మామూలే. గేర్లను ఆ పని తెలిసిన వాళ్లకు పంపించి చెక్కించారు. ఖర్చు నలుగురూ పంచుకున్నారు, మా అమ్మాయి వంతు పిల్లల్ని చూసుకుని సంపాదించిన డబ్బులోంచి ఇచ్చింది. ఇది విని నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. "డబ్బులు రాని పనికి ఇంత కష్టం ఎందుకు పడతారమ్మా?" అని చివరికి నన్ను అడిగారు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆయనకు గేరుబాక్సు అంటే మా ఫీజులు, మా పెళ్ళిళ్లు. నచ్చిందని చేయడానికీ, నచ్చలేదని మానడానికీ ఆయనకు వీలు లేకపోయింది. మా అమ్మాయి చేతి నలుపూ ఆయన చేతి నలుపూ ఒకటేనని నేను అనలేను. సాయంత్రం ఆ నలుపు వదిలిపోతుందని పిల్లకు తెలుసు, మర్నాడు బడికి వెళుతుంది. ఈ తేడాను పిల్లకు చెప్పడం నా బాధ్యత అనిపించి ఒక రాత్రి కూర్చోబెట్టి చెప్పాను. దరఖాస్తుల్లో నేను ‘వ్యాపారం’ అని రాసిన సంగతి కూడా చెప్పాను. అది చాలాసేపు నా వైపు చూసి, "తాతయ్యకి తెలుసా?" అంది. తెలుసనే నా అనుమానం.

మన వాళ్లలో మాటలు రాకుండా ఉండవు. ఆదివారం తెలుగు బడి నాలుగుసార్లు తప్పింది. ఆడపిల్లను బైకుల వెంట పంపుతారా అని ఒక పెద్దావిడ నన్ను వంటగదిలోకి పిలిచి మరీ అడిగారు. ఏంజెల్ సాంపే అనే ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, తర్వాత ఈ పందేల్లోనే 2000 నుంచి వరసగా మూడేళ్లు జాతీయ విజేతగా నిలిచారని చెప్పాను. ఆవిడ ముఖం మారలేదు, నేనూ పొడిగించలేదు. అదే పెద్దావిడ పిల్లలు సుమతీ పద్యాలు తడుముకోకుండా చెబుతారు. నాకు అది చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది. మా అమ్మాయికి పద్యాలు రెండే వచ్చు. కానీ అరగడం, ఊడడం, బిగించడం, సడలడం, పట్టు, లూజు, మెత్తన, గరుకు అన్న మాటలు అన్నీ వచ్చు. అవి తాతయ్యతో మాట్లాడటానికి దానికి అవసరమయ్యాయి, అందుకే నిలిచాయి.

ఆగస్టులో హెబ్రన్‌లో మూడు పరుగులు వరసగా గెలిచి నాలుగోదానికి వచ్చారు. అమ్మాయి లెక్క ప్రకారం 9.47 రావాలి, జాగ్రత్త కోసం 9.45 అని రాసింది. దీపాల దగ్గరకు బండి వెళ్లేలోపు మబ్బు కమ్మి గాలి చల్లబడింది. బండి 9.43లో పోయింది, ఓడిపోయారు. పరుగు సమయం ఉన్న చీటీ చూసి నా పిల్ల ముఖం పాలిపోయింది. ‘ఎందుకు చూసుకోలేదు?’ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. బడి మార్కుల చీటీ చూసిన ప్రతిసారీ నా నోట వచ్చే మొదటి మాట అదే. మేస్త్రీగారు చీటీ చదివి, నోటుపుస్తకంలో ఆ పరుగు పక్కన ‘మబ్బు’ అని రాయించి, "బండి బాగా పోయింది" అని మాత్రం అన్నారు. బండి నడిపిన ఆమె చేతి తొడుగులు తీసి అమ్మాయికి చల్లని నీళ్లు ఇచ్చింది. నేను నోరు మూసుకున్నాను. సెప్టెంబరులో అటువంటి మబ్బే వస్తే అమ్మాయి వరసలో నిలబడి ఉండగానే అంకె మార్పించింది, ఆ రోజు ఆఖరి నలుగురిలో నిలిచారు. ఈ సంవత్సరానికి అదే వాళ్ల పెద్ద విజయం.

దసరాకి ఆయుధపూజ చేద్దామని నేనే అడిగాను. షెడ్డులో ఆ రోజు పానాలన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నాన్నగారు కుర్రాళ్లకు కొత్త బట్టలు ఇవ్వడం నాకు గుర్తుంది. టైరు కింద నిమ్మకాయ మాత్రం అమ్మాయి పెట్టనివ్వలేదు. ఆ రబ్బరు మీద ఏ తడి పడినా పట్టు పోతుందంది. పానాల పెట్టె ముందు నిమ్మకాయలు పెట్టి దీపం వెలిగించాము. మేస్త్రీగారు టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

అక్టోబరు చివర్లో ఇంజను మళ్లీ దించారు, చలికాలంలో చేసే పరీక్ష కోసం. అమ్మాయి రెండో గేరును గుడ్డతో తుడిచి ఫోను కెమెరా ముందు పట్టుకుంది. విజయవాడలో నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుని, "ఇటు తిప్పు తల్లీ. ఇంకొంచెం. వెలుతురు చాలడం లేదు" అన్నారు. నేను టార్చి తీసుకుని గేరు మీద వెలుగు పడేలా పట్టుకున్నాను. నూనె నా వేళ్లకు అంటింది. ఆయన చాలాసేపు చూశారు. "ఏమీ అరగలేదు. ఇదే మళ్లీ వేయండి" అన్నారు.