చొంగ అని రాయడానికి మూడు నెలలు

ఎథిక్స్ కమిటీ అనుమతి నిన్న సాయంత్రం చేతికొచ్చింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

నా పీహెచ్‌డీ పని ఉమ్మిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని కొలిచే సెన్సర్. కార్బన్ ఎలక్ట్రోడ్ మీద నానోట్యూబులు (కంటికి కనబడనంత సన్నటి కార్బన్ గొట్టాలు) పూసి వాటికి కార్టిసాల్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ అతికిస్తాం, కార్టిసాల్ వచ్చి దానికి అంటుకుంటే కరెంటు తగ్గుతుంది, ఎంత తగ్గితే అంత ఉన్నట్టు. శబ్ద తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో నానోట్యూబుల ఉండలు విడగొట్టడం, పూయడం రెండు వారాల్లో అయిపోయాయి. ఉమ్మి బదులు వాడే శుభ్రమైన ఉప్పు ద్రావణంలో, అంటే బఫర్‌లో, గ్రాఫు స్కేలు పెట్టి గీసినట్టొచ్చింది, మా ల్యాబ్‌లో ఇంకెవరికీ అలా రాలేదు, చెప్పుకోవాలి కదా.

అసలు మనుషుల ఉమ్మి కావాలంటే మాత్రం ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. పదిహేను కాపీలిస్తే పిన్ను తప్పు వైపు కొట్టావని గుమాస్తా తిప్పి పంపాడు. ఆయన దగ్గరికి భోజనాల తర్వాత వెళ్ళకండి.

మీటింగ్‌లో డాక్టర్లు ఒక్క ప్రశ్నా వేయలేదు. కమిటీలో ఒక మామూలు మనిషి ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నియమం, ఇక్కడ ఆవిడ రిటైరైన టీచరు. నా తెలుగు సమ్మతి పత్రం తీసి "బాబూ, పైకి చదువు" అన్నారు.

"నిష్క్రియ లాలాజల స్రావ పద్ధతిన రెండు మిల్లీలీటర్ల నమూనా సమర్పించవలెను."

"అంటే ఏం చెయ్యాలి నాయనా?"

"తల వంచితే... నోట్లో ఊరింది దానంతటదే ట్యూబులోకి..."

"చొంగ కార్చాలి. రాయడానికి సిగ్గెందుకు?"

గదంతా నవ్వింది, మా గైడ్‌తో సహా. తల కొట్టేసినట్టయింది. కంప్యూటర్ చేసిన అనువాదాన్ని నేను ఒక్కసారైనా చదవలేదు మరి. అక్కడితో వదిలారా? "పొద్దున్నే అన్నావు, లేచిన ఎంతసేపటికి? కాఫీకి ముందా, తర్వాతా?" మనం నిద్ర లేచిన అరగంటకి కార్టిసాల్ బాగా పెరిగి రాత్రికి పడిపోతుంది, టైము రాసుకోకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు. పత్రంలో టైము సంగతే లేదు! డాక్టర్లకు తట్టనిది ఆవిడకు తట్టింది. మొత్తం మళ్ళీ రాయించారు, మళ్ళీ మీటింగ్, మూడు నెలలు.

మీరూ ఈ పనిలో ఉంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేవాళ్ళ శాంపిల్ తీసుకోకండి, రక్తంలో కార్టిసాల్ చాలా ఎక్కువ, లెక్క తప్పుతుంది.

ఇవాళ పొద్దున నా చొంగతోనే మొదలుపెట్టాను. కార్టిసాల్ కొండంత చూపించింది. కమిటీ టెన్షన్ అనుకుని ఒక్క క్షణం నమ్మేశాను కూడా. తీరా చూస్తే యాంటీబాడీ లేని ఎలక్ట్రోడ్ మీదా కరెంటు అంతే తగ్గింది, అంటే అది కార్టిసాల్ పని కాదు. ఉమ్మిలో జిగురుగా ఉండే మ్యూసిన్ నానోట్యూబుల మీద పొరలా పట్టేసింది. గడ్డకట్టించి, కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే చాలావరకు అడుక్కి దిగుతుంది. ట్యూబు ఇప్పుడు ఫ్రీజర్‌లో ఉంది, మీద టైము రాశాను.