హెడ్ గాస్కెట్ రెండోసారి పోతే నేనే వేసుకున్నాను

నిన్న సాయంత్రం బండి స్టార్ట్ అయింది. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా పోలేదు. అన్నీ గుర్తున్నప్పుడే రాసి పెడుతున్నాను.

మాది మర్రిగూడ దగ్గర ఊరు. బత్తాయి తోట ఉంది. కాయను నల్గొండ మార్కెట్‌కు పాత ఓమ్ని వ్యాన్‌లో వేసుకుపోతాను. మొదటిసారి ఇంజిన్ వేడెక్కి ఆగినప్పుడు మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లాను. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని పైన కూర్చునే హెడ్డుకూ మధ్య నీళ్లు, ఆయిల్ కలవకుండా వేసే పల్చటి రేకు) పోయిందన్నాడు, 7,500 తీసుకున్నాడు, సాయంత్రానికల్లా బండి చేతికిచ్చాడు. అంత తొందరగా ఇచ్చాడని అప్పుడు సంతోషపడ్డాను. హెడ్డును లేత్‌కు చదును చేయించడానికి పంపి ఉంటే సాయంత్రానికి వచ్చేది కాదని ఇప్పుడు తెలిసింది.

రెండు నెలలు తిరగకుండానే మళ్లీ అదే. స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ, ఆయిల్ పోసే మూత వెనక చాయ్ రంగులో జిగురు. వెళ్లి అడిగితే "నీళ్లు చూసుకోకుండ నడిపినవ్, నేనేం చెయ్యాలె" అని మళ్లీ 7,500 చెప్పాడు. ఆ మాటతో ఇంటికొచ్చేశాను.

ఇప్పడం కష్టం కాలేదు. ఓమ్నికి ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి సీట్లు తీస్తే దారి దొరుకుతుంది. బ్యాటరీ వైరు తీశాను, నీళ్లు వంపాను, ప్రతి పైపు, ప్రతి వైరు ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను, టైమింగ్ బెల్ట్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే బెల్ట్) తీసే ముందు దాని చక్రాల మీది గుర్తులు కలిపి పెట్టాను. హెడ్ బోల్టులను అంచుల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చేశాను. ఒకటిన్నర రోజు పట్టింది.

హెడ్డు లేపాక అసలు సంగతి కనబడింది. నీళ్లు పోయే రంధ్రాల్లో సగం తెల్లటి గారతో పూడుకుపోయాయి, నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున కట్టినట్టు. మా దగ్గర బోరు నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ గురించే మాట్లాడతారు. ఇంజిన్‌ను చంపేది ఆ నీళ్లలోని సున్నం, ఉప్పు. మేము మిషన్ భగీరథ కుళాయి నీళ్లు తాగుతూ, బండికి మాత్రం ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశాం. దారి పూడితే వేడి పోదు, వేడి పోకపోతే అల్యూమినియం హెడ్డు వంగుతుంది, వంగిన హెడ్డు కింద ఎంత కొత్త గాస్కెట్ వేసినా నిలవదు. హెడ్డు మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) దూర్చాను. 0.05 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు. రెండో సిలిండర్‌కూ మూడో సిలిండర్‌కూ మధ్య 0.15 రేకు నిమ్మళంగా దూరింది.

హెడ్ ఫేసింగ్, అంటే వంగిన హెడ్డు అడుగును మిషన్ మీద చదును చేయడం, ఇంట్లో అయ్యే పని కాదు. గోనెసంచిలో చుట్టుకుని లేత్ షాపుకు పోయాను.

"ఏ మెకానిక్ పంపిండు?" అన్నాడు ఓనర్.

"నేనే ఇప్పిన అన్నా."

"నువ్వేం చేస్తవ్?"

"బత్తాయి తోట."

"మరి తోట చేసుకోరాదు?" అని హెడ్డును కాలితో బల్ల కిందికి జరిపాడు. నా ఇంట్లో ఒకటిన్నర రోజు కష్టపడి తీసిన వస్తువును కాలితో! పొద్దున పది నుంచి సాయంత్రం దాకా బయట బండమీద కూర్చున్నాను. తర్వాత వచ్చిన మెకానిక్‌ల పనులన్నీ అయ్యాయి, నాది ముట్టలేదు. రెండో రోజూ అంతే. చాయ్ తెచ్చే పిల్లవాడు అందరికీ ఇచ్చి నన్ను దాటుకుని పోయాడు. మూడో రోజు నా బండి చేసిన మెకానిక్కే వచ్చాడు. నన్ను చూసి, పదిమంది వింటుండగా, "ఆ బండి నేను మంచిగ చేసిచ్చిన. ఈయన చెయ్యి పెట్టి ఖరాబు చేసుకున్నడు" అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. యాభై ఏళ్లవాణ్ణి, నా పిల్లల వయసు వాళ్లు నవ్వుతున్నారు.

మాట రాలేదు. సంచిలోంచి ఆయన వేసిన గాస్కెట్ తీసి బల్ల మీద పెట్టాను. రెండో మూడో సిలిండర్ల మధ్య కాలిన నల్ల గీత ఉంది. హెడ్డు తీసి దాని పక్కన పెట్టి, అదే చోట గేజ్ దూర్చి చూపించాను. ఓనర్ తన స్కేలు తెచ్చి చూశాడు. "దీనికి ఫేసింగ్ కొట్టియ్యలేదా?" అని మెకానిక్‌ను అడిగాడు. ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. గంటలో నా హెడ్డు మిషన్ ఎక్కింది. 800 ఇచ్చాను. సారీ అనే మాట ఎవరి నోటా రాలేదు.

బిగించేటప్పుడు తొందర వద్దు. బోల్టు రంధ్రాల్లో ఆయిలో నీళ్లో మిగిలితే బోల్టు పూర్తిగా కూర్చోదు, బ్లాకు పగిలే ప్రమాదం కూడా ఉంది. గుడ్డతో తుడిచి గాలి కొట్టించాలి. గాస్కెట్ పైవైపేదో చూసుకుని, ఆయిల్ రంధ్రం మూసుకుపోకుండా పెట్టాలి. బోల్టులు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. "నా చెయ్యే టార్క్ రెంచ్" అనే మెకానిక్‌కు బండి ఇవ్వకండి. నేను 2,600 పెట్టి కొన్నాను. బెల్ట్ వేశాక ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో చూడాలి.

లేత్, టార్క్ రెంచ్, గాస్కెట్ సెట్, కూలెంట్, ఆయిల్ అన్నీ కలిపి 6,900 అయింది. మెకానిక్ కంటే పెద్దగా మిగిలిందేమీ లేదు, వారం రోజులు పోయింది. కోత ముదిరిన రోజుల్లో అయితే నేనూ మెకానిక్ దగ్గరికే పోదును. కానీ హెడ్డు నా కళ్ల ముందు లేత్‌కు పోవాలి, పాత గాస్కెట్ నా చేతికి రావాలి, ఈ రెండూ ముందే మాట్లాడుకుంటాను.

రేడియేటర్‌ను మూడుసార్లు కడిగి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోశాను. నిన్న చండూరు దాకా పోయి వచ్చాను. ఈ పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూశాను. నిన్న పోసిన మట్టానికే ఉంది.