ట్యాబ్ ఎవరి చేతిలో?

ఆస్ట్రేలియాలో చైల్డ్‌కేర్ సెంటర్‌లో పనిచేస్తున్నానని చెప్పగానే, ‘అక్కడ పిల్లలకు నడక రాకముందే ట్యాబ్ ఇచ్చేస్తారట కదా’ అని అడిగేవాళ్లు చాలామంది. నిజానికి మా గదిలో ట్యాబ్ పిల్లల దగ్గర కంటే మా చేతుల్లోనే ఎక్కువసేపు ఉంటుంది. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వారికి రోజు మొత్తానికి గంట దాటకూడదని ఇక్కడి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంట్లో టీవీ ముందు గడిచే సమయం కూడా ఆ గంటలోకే వస్తుంది కాబట్టి, మా వంతుకు మిగిలేది స్వల్పమే.

అలాగని సాంకేతికతను గుమ్మం బయటే ఉంచమని ఎవరూ అనరు. బడికి ముందు వయసు పిల్లల కోసం 2009లో వచ్చి 2022లో సవరణ పొందిన ఇక్కడి జాతీయ పాఠ్య ప్రణాళిక ‘ఎర్లీ ఇయర్స్ లెర్నింగ్ ఫ్రేమ్‌వర్క్’, సమాచారం వెతకడానికీ ఆలోచనను వ్యక్తం చేయడానికీ పిల్లలు డిజిటల్ సాధనాలను వాడాలని స్పష్టంగానే చెబుతుంది. అయితే ఆ పనికి అక్షరాలు దిద్దించే యాప్‌ల కంటే, స్క్రీనే లేని బీ-బాట్ నాకు ఎక్కువ అక్కరకు వచ్చింది. తేనెటీగ రూపంలో ఉండే ఈ చిన్న రోబో వీపు మీద బాణం గుర్తుల బటన్లు ఉంటాయి. వాటిని వరుసగా నొక్కి, చివర ‘గో’ నొక్కితే అడుగుకు 15 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. పాత ఆదేశాలను చెరిపే బటన్ నొక్కకపోతే కొత్తవి వాటి వెనకే చేరిపోతాయి.

ఒకసారి ఓ నాలుగేళ్ల బాబు ముందుకు రెండుసార్లు నొక్కితే, అది అంతకుముందు ఇచ్చిన రెండూ కలుపుకొని నాలుగడుగులు వేసి మ్యాట్ దాటిపోయింది. ‘దీనికి లెక్కలు రావు’ అని వాడు తేల్చేశాడు. ఇంగ్లీషు ఇంకా పట్టుబడని ఒక పాప మాత్రం మారు మాట్లాడకుండా దాన్ని వెనక్కి తెచ్చి, చెరిపే బటన్ నొక్కి, మళ్లీ రెండు బాణాలు నొక్కి చూపించింది. అప్పటిదాకా ఆటలో ఓ పక్కన నిలబడే ఆ పిల్లే ఆ పూటకు గుంపులో పెద్ద.

ఇలాంటివి రాసి పెట్టడమే మా అసలు డిజిటల్ పని. ఫోటో తీసి, గమనించింది రాసి, ఫ్రేమ్‌వర్క్‌లోని ఐదు అభ్యాస ఫలితాల్లో దేనికి చెందుతుందో చూపి, తల్లిదండ్రుల యాప్‌లో పెట్టాలి. పిల్లల కార్యకలాపాల ప్రణాళిక రాసే బాధ్యత ఉన్నవారికి వారానికి కనీసం రెండు గంటలు విడిగా ఇవ్వాలని వేతన నిబంధన ఉంది కానీ, ఇంగ్లీషు మాతృభాష కాని నాలాంటివారికి అది చాలదు. సాఫ్ట్‌వేర్ అందించే రెడీమేడ్ వాక్యాలు అతికిస్తే పని తొందరగా తెములుతుంది. తీరా చూస్తే ఏ పిల్ల గురించి చదివినా ఒకేలా ఉంటుంది. పాప ఏం చేసిందో చెప్పే నాలుగు ముతక వాక్యాలే నయమని నా అభిప్రాయం.

మూడేళ్లు దాటిన పిల్లలకు, రాష్ట్రాన్ని బట్టి 10 లేదా 11 మందికి ఒక ఎడ్యుకేటర్ ఉంటారు. ఆ ఒక్కరి కళ్లూ తెరకు అతుక్కుంటే పిల్లలను చూసేదెవరు? 2024లో వచ్చిన జాతీయ నమూనా నియమావళి సొంత ఫోన్లతో పిల్లల ఫోటోలు తీయవద్దని, సెంటర్ ఇచ్చిన పరికరాలనే వాడాలని చెప్పింది. మా గదిలో ఇంకో అడుగు వేసి, ఒకరు ఫోటో తీస్తున్నంతసేపు రెండోవారు చేతులు ఖాళీగా ఉంచుకోవాలని అనుకున్నాం. ఫోటోలు తగ్గాయని ఒకరిద్దరు తల్లులు అడిగారు. సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఆ రోజు జరిగింది నోటితోనే చెబుతున్నాం.