టోకెన్ లేని బండి

రాత్రి పదకొండున్నర. ఈయన గురక మొదలై గంటయింది. అత్తయ్య గదిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ఎందుకని అడిగితే జవాబు ఒంటిగంట దాకా సాగుతుంది కాబట్టి అడగలేదు. పొద్దున ఒక కుర్రాడు నన్నొక మాట అన్నాడు. అన్నాడు అనడం కూడా ఎక్కువే. "సైకిల్‌కి టోకెన్ లేదు మేడం" అన్నాడు, అంతే. దాన్ని పట్టుకుని పొద్దుట్నుంచీ నములుతున్నాను.

మా చిన్నమ్మాయి హాస్టల్‌కి పోతూ వదిలేసిన గేర్ల సైకిల్ నేను తొక్కుతున్న సంగతి మీకు తెలుసు. దానికి కారణమైన నా సుగరు కథ అంతకంటే బాగా తెలుసు. మా లేఅవుట్ పిల్లకాయలు కొందరు ఆదివారాలు సైకిళ్ళేసుకుని ఊరంతా తిరుగుతుంటారు. 2024 డిసెంబర్‌లో ఢిల్లీలో 'సండేస్ ఆన్ సైకిల్' అని మొదలుపెట్టాక ఆ గాలి అన్ని ఊళ్ళకీ సోకింది, మాకూ సోకింది. ఈ ఆదివారం మాత్రం మామూలు తిరుగుడు కాదు. సైకిల్ దినోత్సవం పేరు చెప్పి ర్యాలీ. "ఆంటీ, మీరు రాకపోతే ఆడవాళ్ళు ముగ్గురే అవుతారు" అని వాళ్ళు బతిమాలితే సరేనన్నాను. ఆ "ఆంటీ" దగ్గరే మానేయాల్సింది.

అయిదున్నరకల్లా మా నెల్లూరు వీఆర్సీ గ్రౌండులో ఉండాలన్నారు. కాఫీ కూడా తాగకుండా పోతే మైకు సరిచేసే అతను తప్ప ఎవరూ లేరు. ఆరు దాటాక ఒక్కొక్కరే దిగారు. ఇద్దరు కారు వెనక సైకిల్ కట్టుకుని వచ్చారు. తర్వాత ఉపన్యాసాలు. ఈ దినోత్సవాన్ని ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిందట, అడిగింది తుర్క్‌మెనిస్తాన్ అట. ఆ దేశంలో ఎక్కువ భాగం ఎడారే. ఎండ అంటే ఏమిటో తెలిసినవాళ్ళే జూన్ 3 అని ఎలా పెట్టారో నాకర్థం కాలేదు. రోహిణి కార్తెలో నెల్లూరొచ్చి ఒక్క పూట పడమటి గాలి తగిలించుకుని ఉంటే డిసెంబర్‌కి మార్చేవాళ్ళు.

ఒకాయన హైదరాబాదు గురించి చెప్పాడు. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి ఉందని, దాని నెత్తిన సోలార్ పలకలు పరిచారని, తొక్కేవాళ్ళకి నీడ, ప్రభుత్వానికి కరెంటు అని. ఇంకొకావిడ లేచి, ఒక కారు ఆపే జాగాలో పది సైకిళ్ళు ఆపొచ్చు అంది. అప్పుడు చప్పట్లు కొట్టి ఊరుకున్నాను. రాత్రికి ఈ రెండు మాటలే మిగిలాయి.

అందరికీ పసుప్పచ్చ టీ షర్టులు పంచారు. ముందు సైకిల్ బొమ్మ. వీపు మీద డబ్బులిచ్చిన షాపు పేరు, బొమ్మ కంటే మూడింతలు పెద్దది. చుడీదార్ మీదే తొడుక్కున్నాను.

తొక్కడం బాగుంది. అది ఒప్పుకోవాలి. గాంధీబొమ్మ దగ్గర ఆటోలు లేని రోడ్డు చూసి ఎన్నేళ్ళయిందో. ట్రంకు రోడ్డంతా మాదే అన్నట్టు పోయాం. ఇంకో రెండు మూడు సెంటర్లు చుట్టి, చివరికి స్వర్ణాల చెరువు గట్టు మీద ఆగితే మజ్జిగ పోశారు. చెరువు మీదనుంచి చల్లగాలి. ఫొటోలు. బాగుంది అన్నాను కదా, ఇంక దాని గురించి రాయడానికేమీ లేదు.

తిరిగొస్తుంటే పెరుగు అయిపోయిందని గుర్తొచ్చింది. దారిలోనే ఆ షాపు. అదే, నా వీపు మీద ఉన్న షాపు. పేరెందుకులెండి. ముందు పెద్ద జాగా, బైకులకి గీతలు, కార్లకి గీతలు, గొడుగు కింద కుర్చీ, కుర్చీలో నీలం చొక్కా కుర్రాడు. నేను బైకుల వరస చివర స్టాండు వేశానో లేదో లేచొచ్చాడు.

"మేడం, సైకిల్ ఆడ పెట్టబాకండి."

"మరి యాడ పెట్టమంటావు?"

గేటు బయట గోడ చూపించాడు. గోడకీ రోడ్డుకీ మధ్య కాలువ. కాలువ మీద బండ ఒకటి ఉంది, ఒకటి లేదు.

"లోపల ఇంత ఖాళీ ఉంది కదయ్యా."

"సైకిల్‌కి టోకెన్ లేదు మేడం. కారుకుంది, బైకుకుంది. టోకెన్ లేని బండి పోతే నన్నంటారు."

అప్పుడు నేనొక పని చేశాను. నాకే సిగ్గుగా ఉంది గానీ రాస్తాను. వెనక్కి తిరిగి నా వీపు చూపించాను. "ఇదిగో, మీ షాపు పేరే. మీరు ఇచ్చిన చొక్కాయే. మీ ఓనరు పొద్దున ర్యాలీలో జెండా ఊపాడు, తెలుసా?" అన్నాను. వాడు నా వీపు చదివాడు. నిదానంగా, మొత్తం చదివాడు. చదివి, "అవును మేడం, మా షాపే. సైకిల్ బయట పెట్టి రండి" అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. వెటకారమన్నా చేసుంటే గొడవ పడేదాన్ని.

పెరుగు కొనకుండా వచ్చేశాను. అండర్ బ్రిడ్జిలో దిగేటప్పుడు బాగానే ఉంది, ఎక్కేటప్పుడు దిగి నెట్టుకుంటూ పోయాను. పక్కనుంచి పోయే ప్రతి బండివాడూ నా వీపు చదువుకుంటూ పోయాడు. షాపు వాళ్ళకి ఒక పూట ఊరేగింపు ఫ్రీగా చేసిపెట్టాను.

ఇంటికొచ్చి చెబితే ఈయన, "స్కూటీ మీద పోయుంటే లోపల పెట్టనిచ్చేవాడు కదా" అన్నారు. ఈ మనిషితో ఇరవై ఆరేళ్ళు.

టోకెన్ అనగానే నాకు సినిమా హాలు సైకిల్ స్టాండు గుర్తొచ్చింది. మధ్యాన్నం పడుకుని కూడా అదే. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు, 1984లో, నా క్లాస్‌మేటూ నేనూ కలిసి ఒక మ్యాట్నీకి పోయాం, నాయన సైకిలేసుకుని. బారున్న సైకిల్, పావడా ఎగదోపి నేను తొక్కడం, ఆ పిల్ల క్యారేజి మీద పుస్తకాల సంచులు రెండూ పట్టుకుని కూర్చోవడం. ఏ హాలో చెప్పను. మా ఊళ్ళో సగం సెంటర్లకి సినిమా హాళ్ళ పేర్లే కదా, హాళ్ళు పోయి పేర్లు మిగిలాయి. ఇదీ అలాంటిదే.

ఆ స్టాండు ఒక రేకుల షెడ్డు. అందులో వందకి పైగా సైకిళ్ళు, ఒకదాని పెడలు ఇంకోదాని పుల్లల్లో ఇరుక్కుని. చివరన ఒకటి పడిందంటే వరసంతా పడుకునేది. స్టాండు మనిషి చెవి మీద సుద్దముక్క. పావలా తీసుకుని అట్టముక్క చింపి సగం చేతికిచ్చి, మిగతా సగం హ్యాండిల్‌కి దారంతో కట్టి, సీటు మీద సుద్దతో అదే నంబరు వేసేవాడు. మనది 72. డొక్కు సైకిలా, కొత్త సైకిలా అని లేదు, అన్నిటికీ నంబరే. సినిమా వదలగానే అంత తొక్కిడిలోనూ నంబరు చెబితే చాలు, బండిని అమాంతం ఎత్తి తలల మీదుగా అందించేవాడు.

ఇంటికి టైముకే వచ్చేశాం. స్పెషల్ క్లాసు అని చెప్పాను. అమ్మ నమ్మింది. నాయన వరండాలో కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. నేను ఆయన ముందునుంచి లోపలికి పోతుంటే, "అమ్మణ్ణీ, ఆగు" అన్నాడు. ఆగాను. "డెబ్బై రెండు ఏంది?" అన్నాడు.

సీటు తుడవకుండా ఎక్కాను. సుద్ద నంబరు మొత్తం నా ముదురు నీలం పావడా వెనక అచ్చు పడింది, అద్దంలో చూసినట్టు తిరగబడి. ఇంకెవరన్నా అయితే ఏదో మరక అనుకునేవాళ్ళు. నాయన ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు తిరగేసి చదవడం ఆయనకి అన్నం తినడంతో సమానం. పేపరు తిన్నగా చదవడానికే ఎక్కువసేపు పట్టేది అనేవాడు.

నేను నోరు తెరిచే లోపల ఆయనే, "ఆ రెండు చూడు, తోక ఎట్టా తిప్పినాడో. ఆ స్టాండు వాడు రాసే రెండే అంత. పోయిన వారం నాకూ ఇరవై రెండు ఇచ్చినాడు" అన్నాడు. అని ఠక్కున ఆగిపోయాడు. వంటింట్లోంచి గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. ఎందుకంటే పోయిన వారమంతా ఆయనకి ప్రెస్సులో ఓవర్‌టైం. ఆ రాత్రి మా ఇంట్లో తిట్లు తిన్నది నేను కాదు. నాకు మిగిలిందల్లా పావడా ఉతుక్కోవడం.

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. పొద్దున మాత్రం రాలేదు. ఎంత కోపం వచ్చిందంటే, మొహర్రానికి స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ కదా, కోరికకో రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతింటి రొట్టె ఇచ్చిపుచ్చుకున్నట్టు సైకిల్ స్టాండు రొట్టె ఒకటి ఉంటే చెరువులో దిగి పట్టుకుందును అనుకున్నాను. షాపుకి ఉత్తరం రాద్దామని కాగితం కూడా తీశాను. "మీరు ఒక కారు జాగా ఇస్తే పది సైకిళ్ళు" అని మొదలుపెట్టి, ఆ ర్యాలీ పిల్లకాయలకి కూడా చెబుదాం, చొక్కాలు పంచే బదులు ఈ పని చూడండి అని, చాలా దూరం పోయాను మనసులో.

ఇక్కడిదాకా రాసి మంచినీళ్ళకి లేచాను. అత్తయ్య లైటు తీసేసింది. ఫ్రిజ్ ముందు నిలబడి ఉండగా నేను పాఠాలు చెప్పే బళ్ళో షెడ్డు గుర్తొచ్చింది. అప్పట్నుంచి పైన రాసిందంతా కొట్టేద్దామా అనిపిస్తోంది. కొట్టేయను, ఉండనీ.

మా బళ్ళో ఆడపిల్లలకి 'బడికొస్తా' అనే ప్రభుత్వ పథకం కింద సైకిళ్ళు వచ్చినప్పుడు ఆ సంబరమంతా ఇక్కడే రాశాను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చే పిల్లలు. కొన్ని సైకిళ్ళు అన్నలు ఎత్తుకుపోయారు, కొన్నిటి మీద గడ్డిమోపులు ఎక్కాయి, అది వేరే కథ. మిగిలినవాటి కోసమే గోడ వారన రేకులతో షెడ్డు వేయించాం. చందా నేను కూడా ఇచ్చాను. షెడ్డు అంటే సైకిళ్ళ షెడ్డు, ఆ పేరుతోనే వేశాం.

ఇప్పుడందులో ఏమున్నాయి? మా స్కూటీలు. లెక్కల సారు బుల్లెట్టు. ఇద్దరి కార్లు, ముక్కులు నీడలో, తోకలు ఎండలో. ఎప్పుడు జరిగిందో గుర్తులేదు. స్టాఫ్ మీటింగులో ఎవరో "బండ్లు ఎండకి పాడైపోతున్నాయి" అన్నారు, అందరం తలలూపాం. పిల్లల సైకిళ్ళని గేటు పక్క ఎండలోకి మార్చారు. ఒక పిల్ల వచ్చి "టీచర్, సీటు కాలతా ఉండాది" అంటే తడిగుడ్డ వేసుకోమన్నాను. ఎండకి ట్యూబు ప్యాచీలు ఊడిపోతున్నాయని చెబితే పంచర్‌కి ఇరవై రూపాయలిచ్చాను. ఇచ్చి చాలా మంచిదాన్ననుకున్నాను కూడా. పిల్లలకి ఎవరూ "టోకెన్ లేదు" అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు, వాళ్ళంతట వాళ్ళే పోయి గేటు దగ్గర పెట్టుకుంటున్నారు.

ఆ షెడ్డులో అన్నిటికంటే మంచి మూల, మధ్యాన్నం రెండింటికి కూడా ఎండ తగలని మూల, నాది. ఎనిమిదిన్నరకే పోతాను కాబట్టి నాకు దొరుకుతుంది. పంక్చువాలిటీ అని పేరు.

అయితే ఆ కుర్రాడిదేం తప్పు లేదా? లేదనే అనుకుంటున్నా. వాడి చేతిలో రెండు రకాల టోకెన్లే ఉన్నాయి. ఓనరుదా? ఓనరుది ఉంది. ఓనరుని ఊరికే వదలను, ఉత్తరం ఉత్తరమే. కానీ ఉత్తరం కింద సంతకం పెట్టి బడి పేరు రాయాలా వద్దా అన్న దగ్గర చెయ్యి ఆగింది. స్కూటీకి ఎండ తగిలితే సీటు పగులుతుంది, అది కూడా నిజమే. పోయినేడే రెండు వేలు పెట్టి సీటు మార్పించాను. వాళ్ళవి ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్ళు, నాది నా జీతం... ఈ వాక్యం పూర్తి చెయ్యను, బాగా రావడం లేదు.

12న బడి తెరుస్తారు. పది రోజులు కూడా లేదు. షెడ్డు కాక ఆవరణలో ఇంకెక్కడ నీడ ఉందా అని కళ్ళు మూసుకుని చూస్తున్నాను. పంపు పక్కన వేపచెట్టు ఒకటి ఉంది. పదింటి దాకా బానే ఉంటుంది. కాకులే, కాకులు మాత్రం చాలా ఎక్కువ. పాత దుప్పటి ఒకటి కప్పుకోవాలి బండి మీద. అత్తయ్యని అడిగితే ఇవ్వదు, అడక్కుండానే తీసుకోవాలి.